మా నాయనమ్మ, కిరండూల్ పాసింజరు, ఒక బగ్

ఇక్కడ రాసి చాలా కాలమైంది. రాయడానికేమీ లేక కాదు, బద్ధకం. ఈసారి మాత్రం రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

రెండు నెలల క్రితం ఆఫీసులో ఒక బగ్ నన్ను మూడు వారాలు ఏడిపించింది. దొరికిన రోజు సమోసాలు తెప్పించుకుని టీమంతా సంబరం చేసుకున్నాం. రాత్రి రూముకొచ్చి పడుకున్నాక, ఎక్కడో చదివిన పాఠం ఇన్నాళ్ళకి అర్థమైనట్టు, మా నాయనమ్మ గుర్తొచ్చింది. ఈ రెంటికీ ఏం సంబంధం అంటే, కాస్త టెక్నికల్ గోల భరించాలి. మనలో చాలామందిమి జావాలోనో పైథాన్‌లోనో బతికేస్తాం. కింద వైరు మీద ఏం జరుగుతుందో బీటెక్‌తోనే వదిలేసుంటాం. కంగారు పడకండి, ఈక్వేషన్లు లేవు.

ముందు నా సంగతి. చదివింది ఈసీఈ, చేసేది సాఫ్ట్‌వేర్. మా ఊళ్ళో ఎవరైనా "ఏం ఉద్యోగం బాబూ?" అంటే "కంప్యూటర్లే" అని తప్పించుకుంటాను. అసలు పనేంటంటే, బోర్డు మీద చిప్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేలా రిజిస్టర్లలో అంకెలు నింపడం. హార్డ్‌వేర్ వాళ్ళు నన్ను సాఫ్ట్‌వేర్ వాడంటారు, సాఫ్ట్‌వేర్ వాళ్ళు హార్డ్‌వేర్ వాడంటారు. రెంటికీ చెడ్డ రేవడి.

మా ఊరు శృంగవరపుకోట. విజయనగరం జిల్లా. అందరూ ఎస్.కోట అంటారు. విశాఖపట్నం నించి అరకు వెళ్ళేవాళ్ళకి ఘాట్ రోడ్డుకి ముందు వచ్చే ఊరు. రైల్లో వెళ్ళినా అంతే. కొత్తవలస - కిరండూల్ లైను మా ఊరు దాటాక కొండెక్కడం మొదలెడుతుంది. బైలదిల్లా గనుల ఇనప ఖనిజాన్ని విశాఖ పోర్టుకి చేర్చి జపాన్‌కి పంపడానికి 1960ల్లో వేసిన లైను అది. యాభైకి పైగా సొరంగాలు. టూరిస్టులు వాటిని లెక్కపెట్టుకుంటూ, ఒక్కో సొరంగంలో కేకలేసుకుంటూ పోతారు. మాకు మాత్రం ఆ లైను టూరిస్టు స్పాటు కాదు, గడియారం. ముఖ్యంగా మా నాయనమ్మకి.

సరే, ఇప్పుడు టెక్నికల్ గోల.

రెండు చిప్‌లున్నాయనుకోండి. ఒకటి ఒకట్లు, సున్నాలు పంపుతుంది. రెండోది అందుకుంటుంది. అందుకునేదానికి తెలియాల్సింది ఒకటే, వైరు మీద వోల్టేజిని ఎప్పుడు చూడాలి అని. ఒక్కో బిట్ సరిగ్గా మధ్యలో చూస్తే అది ఒకటో సున్నానో స్పష్టంగా కనిపిస్తుంది. అంచులో చూస్తే అటూ ఇటూ కానిది ఏదో కనిపిస్తుంది. పంపేవాడు తన గడియారం టిక్కుల్ని కూడా ఇంకో వైరు మీద పంపితే గొడవే లేదు కదా అని మీరు అనొచ్చు. పాతకాలంలో అలాగే చేసేవాళ్ళు. మన పాత డెస్క్‌టాప్‌ల్లో పీసీఐ స్లాట్లుండేవి గుర్తుందా? 33 మెగాహెర్ట్‌జ్. ఒక టిక్కుకి 30 నానోసెకన్లు. క్లాకుకి వేరే వైరు, డేటాకి 32 వైర్లు. ఒకటీ అరా అటూ ఇటూ అయినా సర్దుకుపోయేది.

ఇప్పుడు నేను పనిచేసే లింకు వేగం సెకనుకి 10.3125 గిగాబిట్లు. ఒక బిట్‌కి దొరికే సమయం 97 పికోసెకన్లు. బోర్డు మీద రాగి దారిలో సిగ్నలు ఆ కాస్త సమయంలో ఒకటిన్నర సెంటీమీటర్లు పోతుంది. అంటే క్లాకు వైరు డేటా వైరు కంటే ఓ ముప్పావు సెంటీమీటరు పొడుగైతే చాలు, బిట్ మధ్యలో చూడాల్సిన చిప్ బిట్ అంచులో చూస్తుంది. అందుకే ఈ వేగాల్లో క్లాకుని పక్క వైరు మీద పంపరు. పీసీఐ ఎక్స్‌ప్రెస్, సాటా, మనకి తెలిసిన ఫైబర్ ఈథర్నెట్ అన్నీ ఇంతే. డేటా ఒక్కటే వస్తుంది. టైము ఎంతయిందో డేటాని చూసి తెలుసుకోవాలి. దీన్నే క్లాక్ అండ్ డేటా రికవరీ అంటారు, ముద్దుగా సీడీఆర్.

డేటాని చూసి టైము ఎలా తెలుస్తుంది? మార్పు వల్ల. సున్నా ఒకటిగా మారినప్పుడు, ఒకటి సున్నాగా మారినప్పుడు, ఒక అంచు కనిపిస్తుంది. "ఇక్కడ ఒక బిట్ అయిపోయి ఇంకోటి మొదలైంది" అని ఆ అంచు చెబుతుంది. అందుకునే చిప్‌లో సొంతంగా ఒక గడియారం ఉంటుంది. అంచు కనిపించిన ప్రతిసారీ అది తన లెక్కతో పోల్చి చూసుకుంటుంది. నేను ముందున్నానా, వెనకున్నానా? ముందుంటే ఒక్క పిసరు తగ్గుతుంది. వెనకుంటే ఒక్క పిసరు పెరుగుతుంది. 1975లో అలెగ్జాండర్ అనే ఆయన చెప్పిన పద్ధతి ఉంది, దాన్ని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. అది ఎంత ముందో, ఎంత వెనకో కూడా కొలవదు. ముందా వెనకా, అంతే. ఆ ఒక్క ముక్కని కోట్లసార్లు అడిగి దారిలో పడుతుంది.

ఇందులో ఒక చిన్న కిటుకుంది. ఏ ఒక్క అంచునీ పూర్తిగా నమ్మకూడదు. వైరు మీద గోల ఉంటుంది కాబట్టి ఒక అంచు కాస్త తొందరగా వస్తుంది, ఇంకోటి ఆలస్యంగా వస్తుంది. ప్రతి అంచుకీ ఎగిరి గంతేస్తే గడియారం పిచ్చిదైపోతుంది. అసలు నమ్మకపోతే తప్పిపోతుంది. చాలా అంచుల సగటు చూసుకుంటూ మెల్లగా జరగాలి. ఫేజ్ లాక్డ్ లూప్ అని మనం థర్డ్ ఇయర్లో బట్టీ పట్టింది ఇదే. పరీక్షలో బ్లాక్ డయాగ్రం గీసి పద్నాలుగు మార్కులు తెచ్చుకున్నాను. అర్థం మాత్రం కాలేదు.

అర్థం కావాల్సిన వస్తువు అప్పుడు మా ఇంటి అరుగు మీదే కూర్చునుంది.

మా నాయనమ్మకి వాచీ చూడటం రాదు. తర్వాత్తర్వాత శుక్లాలొచ్చి, ఆపరేషనంటే భయపడి, గోడ గడియారం కూడా కనపడేది కాదు. కానీ ఆవిడకి టైము తెలియకపోవడం అన్నది నేను చూడలేదు. స్టేషను మా ఇంటికి కిలోమీటరు కూడా ఉండదు. పొద్దున్న కిరండూల్ పాసింజరు కూతేస్తే పొయ్యి మీద ఎసరు పడాల్సిందే. నేను పడుకునుంటే "బండి ఎలిపోనాది, ఇంకా లెగవేటిరా" అని దుప్పటి లాగేది. సాయంత్రం తిరుగు బండి కూతకి దీపం. మధ్యలో గూడ్సులు. ఇనపరాయి లోడుతో కొండ దిగే బండి నేలని దడదడలాడిస్తుంది. ఖాళీగా ఎక్కే బండి డబ్బాల మోత వేరు. రెండూ ఆవిడకి తెలుసు.

నాకు చిన్నప్పుడు ఆశ్చర్యం వేసేది ఏంటంటే, బండి లేటయిన రోజు. కూత ఇంకా రాకుండానే ఎసరు పెట్టేసి "ఇయ్యాల బండి ఆలీసం" అనేది. బండిని చూసి టైము చెప్పే మనిషికి బండి లేటని ఎలా తెలుస్తుంది? అడిగితే నవ్వేది. ఆవిడ లోపల ఒక గడియారం తనంతట తాను నడుస్తోంది. బండి దాన్ని కాస్త సరిచేస్తుంది, అంతే. ఒక్క బండి లేటయితే ఆవిడ నమ్మదు. వారం రోజులు వరసగా లేటయితే, టైము మార్చారని గ్రహించి మెల్లగా తనూ జరుగుతుంది. నేను బ్లాక్ డయాగ్రంలో "లూప్ ఫిల్టర్" అని డబ్బా గీసి వదిలేసింది ఇదే.

ఇక 2020.

ఆ మార్చి ఆఖరు వారంలో దేశమంతా పాసింజరు రైళ్ళు ఆగిపోయాయి. అప్పటికి నేను ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. లాప్‌టాప్ పట్టుకుని ముందే ఇంటికొచ్చేశాను కాబట్టి ఎస్.కోటలోనే ఉండిపోయాను. మొదట్లో బాగానే ఉంది. అమ్మ చేతి వంట, మావిడికాయల కాలం. రాత్రిళ్ళు అమెరికా వాళ్ళతో కాల్స్, పగలు నిద్ర.

అప్పుడు మా ఊళ్ళో ఆగిపోయినవి ఒక్క రైళ్ళే కాదు. ఆర్టీసీ బస్సుల్లేవు. బడి గంట లేదు. గుళ్ళో మైకు లేదు. ఆదివారం వస్తే అరకు వెళ్ళే కార్ల హారన్లుండేవి, అవీ లేవు. గూడ్సులు మాత్రం నడిచాయి. వాటికొక వేళంటూ ఎప్పుడూ లేదు.

నెల తిరిగేసరికి నాయనమ్మ లెక్క తప్పింది. మొదట ఎసరు అరగంట అటూ ఇటూ. తర్వాత మధ్యాహ్నం భోజనం పెట్టమని పదింటికే అడగడం. రోజుకి పదిసార్లు "టైమెంతయినాదిరా?" అని అడిగేది. నేను హెడ్‌ఫోన్స్ తియ్యకుండానే ఏదో ఒక అంకె చెప్పేవాణ్ణి. కొన్నిసార్లు చెప్పేవాణ్ణి కూడా కాదు. అమ్మ వంటింట్లో, నాన్న ఫోన్లో, నేను లాప్‌టాప్‌లో. ఇల్లు నిండా మనుషులే, ఎవరి గొడవ వారిది.

ఒక రాత్రి ఒకటిన్నరకి నేను వసారాలో కాల్‌లో ఉన్నాను. వెనక వంటింట్లో లైటు వెలిగింది. చూస్తే నాయనమ్మ తలస్నానం చేసి, జుట్టు ముడేసుకుని, స్టవ్ మీద బియ్యం పెట్టేసింది. "బండి కూసీసింది గదేటి, నువ్వింకా తానం సెయ్యనేదేటి?" అంది. కూసింది గూడ్సు. అటు కాల్‌లో మేనేజరు నా పేరు పిలుస్తున్నాడు. నాకు ఒళ్ళు మండింది. "నీకు మతి పోయింది నాయనమ్మా. అర్ధరాత్రి. అది గూడ్సు. పోయి పడుకో" అని గట్టిగా కసిరాను.

ఆవిడ ఏమీ అనలేదు. స్టవ్ కట్టేసింది. లైటు తీసేసి, ఆ చీకట్లో వంటింటి గడప మీద కూర్చుంది. కాల్ అయ్యాక చూస్తే ఇంకా అక్కడే ఉంది. తెల్లారిందో లేదో తేల్చుకోలేక, మళ్ళీ తప్పు చేస్తానేమో అని అలా కూర్చుందని నాకు ఇప్పుడనిపిస్తోంది. అప్పుడు అనిపించలేదు. అప్పుడు "ముసలితనం" అనుకున్నాం ఇంటిల్లిపాదీ. ఆ తర్వాత ఆవిడ టైమెంతని నన్ను అడగలేదు. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

2022 చలికాలంలో పోయింది.

ఇప్పుడు బగ్ దగ్గరికొద్దాం.

మా రెండు బోర్డుల మధ్య లింకు నేను పైన చెప్పినదే. టెస్టు ఫైళ్ళు పంపితే రోజుల తరబడి ఒక్క తప్పు లేదు. ఒక రకం ఫైలు పంపితే మాత్రం పది, ఇరవై నిమిషాలకోసారి లింకు పడిపోయేది. ఆ ఫైలు నిండా సున్నాలే. ఇంకేముంది, హార్డ్‌వేర్ వాళ్ళ మీద పడ్డాం. అందుకునే చిప్ బాలేదన్నాం. బోర్డు మార్చాం. కేబులు మార్చాం. రిసీవర్ సెట్టింగులు తిప్పీ తిప్పీ వేళ్ళు నొప్పెట్టాయి. రెండు వారాలు గడిచాక హార్డ్‌వేర్ టీములో ఒక పెద్దాయన, రిటైర్మెంటుకి దగ్గర్లో ఉన్నాడు, "అబ్బాయ్, వినేవాడి సంగతి సరే. పంపేవాడు ఏం పంపుతున్నాడో ఒకసారి చూశారా?" అన్నాడు.

ఈ మాట అర్థం కావాలంటే ఇంకొక్క సంగతి చెప్పాలి. అంచులుంటేనే సీడీఆర్‌కి బతుకు అన్నాను కదా. మరి డేటాలో వరసగా సున్నాలే వస్తే? మార్పు లేదు, అంచు లేదు. అందుకునే గడియారం ఒంటరిగా పోతూ ఉంటుంది. ఈథర్నెట్‌లో ఒక్కో చిప్ గడియారం పది లక్షల్లో వంద వంతుల దాకా తేడా ఉండొచ్చని ఒప్పుకుంటారు. గోడ గడియారంలో అయితే అది రోజుకి 8.64 సెకన్లు. పెద్ద తప్పేం కాదు. కానీ 10 గిగాబిట్ల దగ్గర, ఏ అంచూ కనపడకుండా ఆ తేడాతో పోతే 5,000 బిట్లకల్లా అర బిట్ జరిగిపోతుంది. అంటే అర మైక్రోసెకనులో మధ్యనించి అంచుకి. రెప్ప వేసేలోపు అలాంటివి లక్షలసార్లు జరగొచ్చు.

కాబట్టి ఈ రంగంలో పెద్దవాళ్ళు మొదట్నించీ ఒకటే సూత్రం పాటించారు. అంచులివ్వాల్సిన బాధ్యత పంపేవాడిది. పాత 10 మెగాబిట్ ఈథర్నెట్‌లో ప్రతి బిట్ మధ్యలో ఒక మార్పు తప్పనిసరి, మాంచెస్టర్ కోడింగ్ అంటారు. యూఎస్‌బీలో ఆరు ఒకట్లు వరసగా వస్తే పంపేవాడే ఒక సున్నా దూరుస్తాడు. ఆ సున్నాకి అర్థమేం లేదు, అందుకునేవాడు దాన్ని పారేస్తాడు. 1983లో ఐబీఎంలో విడ్మర్, ఫ్రానాజెక్ అనే ఇద్దరు 8బి/10బి కోడ్ ప్రకటించారు. ఎనిమిది బిట్లకి బదులు పది బిట్లు పంపి, ఐదు కంటే ఎక్కువ ఒకే బిట్ వరసగా రాకుండా చూస్తుంది. నాలుగో వంతు అదనపు ఖర్చు, ఒక్క అంచుల కోసం. గిగాబిట్ ఫైబర్ ఈథర్నెట్ ఆ కోడ్ మీదే నడిచింది. అందులో ఇంకో సంగతి, పంపడానికి డేటా లేనప్పుడు కూడా లింకు మూగబోదు. ఐడిల్ అనే గుర్తుల్ని పంపుతూనే ఉంటుంది. "చెప్పడానికేం లేదు, కానీ ఉన్నాను" అన్నమాట.

10 గిగాబిట్లకి వచ్చేసరికి అంత ఖర్చు భరించలేక 64బి/66బి అన్నారు. అరవై నాలుగు బిట్ల డేటాకి ముందు రెండు బిట్ల గుర్తు. అందులో మాత్రం మార్పు ఖాయం. మిగతా అరవై నాలుగింటిలో మార్పులు రావడానికి స్క్రాంబ్లర్ పెట్టారు. 58 బిట్ల షిఫ్ట్ రిజిస్టర్‌తో డేటాని కలగాపులగం చేసి పంపుతుంది, అవతల విప్పుతారు. దాంతో నిండా సున్నాలున్న ఫైలు కూడా వైరు మీద బొమ్మా బొరుసులా కనిపిస్తుంది. 66 బిట్లలో సగటున 33 చోట్ల మార్పు.

పెద్దాయన మాట విని స్క్రాంబ్లర్ రిజిస్టర్ చదివాను. ఆఫ్.

రెండు వైపులా ఆఫ్ కాబట్టి డేటా బాగానే చేరుతోంది. మామూలు ఫైళ్ళలో మార్పులు వాటంతటవే ఉంటాయి కాబట్టి ఎవరూ గమనించలేదు. సున్నాల ఫైలు పంపితే మాత్రం 33 మార్పులు రావాల్సిన చోట 2 వస్తున్నాయి, ఆ రెండూ పక్కపక్కనే. ఐదు వేల బిట్లు ఒంటరిగా పోవడం కాదు గానీ, గోల మధ్య సర్దుకోవడానికి ఆ రెండు చాలలేదు. పైగా లైన్లో కెపాసిటర్ ఉంటుంది. ఎప్పుడూ సున్నాలే పోతుంటే దాని మీద సగటు స్థాయి జరిగిపోయి, ఒకటేదో సున్నాయేదో తేల్చే గీత కూడా తప్పుతుంది. ఆ చిప్ పాపం చెయ్యగలిగినంతా చేసింది.

ఎవడ్రా స్క్రాంబ్లర్ ఆపిన మహానుభావుడు అని గిట్ బ్లేమ్ కొట్టాను. నా పేరే వచ్చింది. ఐదు నెలల క్రితం, ఎనలైజర్‌లో డేటా చదవడానికి సులువుగా ఉంటుందని ఆపి, మళ్ళీ పెట్టడం మర్చిపోయాను. సమోసాలు నా ఖర్చే అని వేరే చెప్పక్కర్లేదు కదా.

నవ్వుకున్నాం, అయిపోయింది. రాత్రి పడుకున్నాక ఆ పెద్దాయన మాట చెవిలో తిరగడం మొదలైంది. వినేవాడి సంగతి సరే, పంపేవాడు ఏం పంపుతున్నాడు?

మూడు వారాలు అందుకునే చిప్‌ని తిట్టాను. 2020లో నాయనమ్మని కూడా అలాగే అన్నాను, మతి పోయిందని. ఆవిడ మతి సంగతి తర్వాత, ఆవిడకి అందాల్సిన అంచులన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. పాసింజరు కూత, బస్సు హారను, బడి గంట, గుడి మైకు. మిగిలింది వేళాపాళా లేని గూడ్సు. కళ్ళు కనపడవు కాబట్టి వెలుగు కూడా పూర్తిగా అందదు. అప్పుడావిడ చెయ్యాల్సిందే చేసింది. అంచు కావాలని అడిగింది. రోజుకి పదిసార్లు. పక్కగదిలో ఉండి పంపాల్సింది నేను.

ఇది నా సొంత కవిత్వం కాదు. మనిషి లోపల గడియారం సంగతి శాస్త్రవేత్తలు కొలిచారు. 1999లో హార్వర్డ్‌లో చేసిన పరిశోధనలో, బయటి వేళల ప్రభావం లేకుండా చేస్తే మనిషి గడియారం సగటున 24 గంటల 11 నిమిషాల దగ్గర తిరుగుతుందని తేలింది. రోజూ వెలుతురు దాన్ని సరిచేస్తుంది కాబట్టి మనం దారిలో ఉంటాం. అంతకు చాలా ముందే, 1962లో, మిషెల్ సిఫ్ర్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త వాచీ లేకుండా ఆల్ప్స్ కొండల్లో ఒక గుహలో రెండు నెలలున్నాడు. మా బొర్రా గుహల్లాంటి చోట దీపం పెట్టుకుని ఒంటరిగా ఉండటం ఊహించుకోండి. సెప్టెంబరు 14న బయటికి వచ్చినప్పుడు అతని లెక్కలో అది ఆగస్టు 20. కుర్రాడు, ఆరోగ్యవంతుడు, చదువుకున్నవాడు. ఇరవై అయిదు రోజులు తప్పిపోయాడు. అతనికి మతి పోయిందని ఎవరూ అనలేదు. పేపర్లలో వేశారు.

నేను రోజూ టైము చెబితే నాయనమ్మ ఇంకా బతికుండేదని అనడం లేదు. వయసు వయసే. మతిమరుపు కూడా కొంత ఉండే ఉంటుంది, అది తేల్చాల్సింది డాక్టర్లు, మనం కాదు. నేననేది అంతకంటే చిన్న సంగతి. ఆ రెండేళ్ళూ ఆవిడకి కొంచెం తేలికగా గడిచేవి. "నాయనమ్మా, ఎనిమిదైంది, ఎసరు పెట్టు" అని పొద్దున్నొకసారి, "ఆరైంది, దీపం పెట్టు" అని సాయంత్రం ఒకసారి. రోజుకి రెండు అంచులు. నా ఖర్చు పది సెకన్లు. చెప్పాల్సిన వార్త ఏమీ లేకపోయినా ఇవ్వగలిగేది అదే.

ఇంకో సంగతి ఈ మధ్యే తట్టింది. మా ఊళ్ళో ఇప్పుడు ఇళ్ళకి ఫైబరుంది. 2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ అయితే కరెంటు స్తంభాల మీదుగానే ఊళ్ళకి ఫైబరు లాగింది. ఇళ్ళకొచ్చే ఫైబరులో ఎక్కువగా వాడే జీపాన్ పద్ధతిలో ఒకే ఫైబరుని ముప్ఫై, అరవై ఇళ్ళకి పంచుతారు. అటునించి వచ్చే 2.488 గిగాబిట్ల డేటాలోంచే ప్రతి ఇంటి డబ్బా టైము తెలుసుకుంటుంది. ఇటునించి మాత్రం ఇళ్ళు వంతులవారీగా మాట్లాడాలి. ఒక ఇల్లు ఆపి ఇంకో ఇల్లు మొదలెట్టగానే అవతలివాడు కొత్త అంచుల్ని పట్టుకోవాలి. అందుకని ప్రతి ఇల్లూ అసలు సంగతికి ముందు 1010 అంటూ కాసేపు ఊరికే పంపుతుంది. ప్రియాంబుల్. అందులో సమాచారం సున్నా. అది లేకపోతే తర్వాత వచ్చే సమాచారం ఒక్క ముక్క అర్థం కాదు.

నేను ఫోన్ చేసినప్పుడల్లా అమ్మ "తినీసావా?" అంటుంది. "తినీసాను" అంటాను. "ఏటి కూర?" "పప్పు." ఇన్నేళ్ళూ నాకది విసుగు. విషయం లేకుండా ఫోనెందుకు, ఏమన్నా ఉంటే వాట్సాప్‌లో పెడతాను కదా అనేవాణ్ణి. ఉద్యోగం, ట్రాఫిక్కు, రిలీజులు, వారాలు గడిచిపోయేవి. అటు సున్నాలు, ఇటు సున్నాలు. ఎప్పుడో నెలకోసారి మాట్లాడితే ఒకరి మాట ఒకరికి ఎక్కేది కాదు. ఆవిడ చెప్పే పెళ్ళి ఎవరిదో నాకు తెలియదు, నేను చెప్పే ఊరు ఎక్కడుందో ఆవిడకి తెలియదు. నాన్న అయితే "ఊఁ, ఉంటాను" అని ఫోన్ అమ్మకిచ్చేసేవాడు. ముసలాళ్ళైపోతున్నారు, చాదస్తం ఎక్కువవుతోంది అనుకునేవాణ్ణి. మళ్ళీ అదే మాట చూడండి. వినేవాడిదే తప్పు.

రెండు నెలల నించి రోజూ రాత్రి తొమ్మిదికి చేస్తున్నాను. విషయం ఉన్నా లేకపోయినా. మొదటి వారం నాన్న కంగారు పడ్డాడు, "ఏటైనాదిరా? ఉద్యోగం బాగానే ఉందా?" అని. "ఏటీ లేదు నాన్నా, ఊరికే" అన్నాను. ఇప్పుడు అలవాటైపోయింది. మొన్న మీటింగు వల్ల ఇరవై నిమిషాలు లేటుగా చేస్తే, "ఇయ్యాల ఆలీసమయినాదే" అన్నాడు. అచ్చం వాళ్ళమ్మ గొంతు. ఫోన్ పట్టుకుని కాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను.

తొమ్మిదవుతోంది. ఉంటాను మరి.